న్యూసెన్స్ సెక్షన్లు మారిన ఖర్చు ఎవరి ఖాతాలో?

సంపాదకులకు నమస్కారం.

2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినప్పుడు శిక్షల గురించి, కస్టడీ గడువుల గురించి పత్రికల్లో విస్తారంగా చర్చ జరిగింది గానీ, పబ్లిక్ న్యూసెన్స్ (నలుగురికీ ఇబ్బంది, హాని కలిగించే పనులు) సెక్షన్లు మారడం వల్ల సామాన్యులపై పడే ఖర్చు ప్రస్తావన నా కంటికి ఎక్కడా కనిపించలేదు. రెవెన్యూ శాఖలో గుమస్తాగా పనిచేసి విరమించిన నాకు సైతం, దరఖాస్తుదారుగా వరుసలో నిలబడ్డాక గానీ ఆ సంగతి తెలిసిరాలేదు.

మా కాలనీ హనుమకొండ శివారులో ఉంది. వెనుకనే ఒక రైస్ మిల్లు. వానకాలం, యాసంగి వడ్లు దిగే రోజుల్లో మిల్లు రాత్రింబగళ్లు నడుస్తుంది; తెల్లారేసరికి దండెం మీది బట్టలపై, నీళ్ల డ్రమ్ము మూతపై నల్లటి ఊక బూడిద వేలితో రాస్తే అక్షరం పడేంత మందంగా పేరుకుంటుంది. ఇరవై మందిమి సంతకాలు చేసి రెవెన్యూ ఆఫీసులో దరఖాస్తు పెట్టాము. రాసిపెట్టిన పిటిషన్ రైటర్ ఏళ్ల అలవాటు కొద్దీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో న్యూసెన్స్ తొలగింపు ఉత్తర్వులకు సంబంధించిన 133వ సెక్షన్ అని వేశారు. అది ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్. పది రోజులకు మా కాగితం 'సెక్షన్ సరిచేసి మళ్లీ సమర్పించగలరు' అన్న ఎర్ర సిరా రాతతో తిరిగొచ్చింది. మళ్లీ టైపు, మళ్లీ జిరాక్సులు, మళ్లీ ఇరవై గడపలు తిరిగి సంతకాలు. అందులో ఏడుగురు బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఆఫీసు వరండాలో వాళ్లు కూర్చున్న ఆ పూట కూలి ఏ బడ్జెట్ పద్దులోనూ కనిపించదు.

అధికారం ఉన్నప్పుడు సెక్షన్ నంబరు తప్పు పడినంత మాత్రాన చర్య చెల్లకుండా పోదని న్యాయస్థానాలు పలుమార్లు చెప్పాయి. అయినా కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు గుమస్తాను తప్పుపట్టలేను. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కాబట్టి ఆయన భయం నాకు తెలుసు: పాత నంబరుతో ఫైలు పైకి పోతే మెమో వచ్చేది ఆయనకే.

ప్రభుత్వం వైపు ఖర్చూ తక్కువేమీ కాదు. ఫారాలు, రిజిస్టర్లు, పోలీసు స్టేషన్ల కంప్యూటర్ వ్యవస్థ, సిబ్బంది శిక్షణ అన్నీ మార్చుకోవలసి వచ్చింది. పైగా అమలు తేదీకి ముందే మొదలైన విచారణలు పాత కోడ్ ప్రకారమే సాగాలి కాబట్టి, ఒకే బీరువాలో రెండు చట్టాల ఫైళ్లు పక్కపక్కన నడుస్తున్నాయి. (144వ సెక్షన్ 163గా మారినా జనం నోట ఇప్పటికీ 144 సెక్షనే.)

ఇంత చేసి సాధించిందేమిటని చూస్తే, న్యూసెన్స్ నిర్వచనం పాత శిక్షాస్మృతి 268 నుంచి కొత్త భారతీయ న్యాయ సంహిత 270కి వచ్చింది, సారం దాదాపు అదే. జరిమానా గరిష్ఠం 200 రూపాయల నుంచి 1,000 రూపాయలయింది. 1860 నాటి చట్టంలో 200 అంటే పెద్ద మొత్తమే. ఇవాళ 1,000 అంటే ఒక హమాలీకి ఒకటి రెండు రోజుల కూలి. ఆ జరిమానా వసూలుకు కానిస్టేబుల్ కోర్టు చుట్టూ తిరిగే రోజుల జీతమే అంతకు మించుతుంది.

మంచి మార్పు ఒకటుంది, దాన్ని కాదనను. సురక్షా సంహిత 157వ సెక్షన్ కింద ఈ విచారణ 90 రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే 120 రోజుల్లో ముగియాలని కొత్తగా గడువు పెట్టారు. కానీ ఆ విచారణ జరపవలసిన రెవెన్యూ అధికారులే ఎన్నికలు, ధ్రువపత్రాలు, భూముల తగాదాలు, వడ్ల కొనుగోళ్లు కూడా చూడాలి. ఇందులో చివరిదే అసలు చిక్కు. మిల్లు బూడిద ఊరి మీద పడే కాలమూ, కేంద్రాల్లో తడుస్తున్న వడ్లను దింపుకోమని యంత్రాంగం మిల్లర్లను బతిమాలే కాలమూ ఒకటే. ఆ నెలల్లో మిల్లు ఆపమని ఉత్తర్వు ఇవ్వడానికి ఎంత నిజాయితీపరుడైన అధికారికైనా చెయ్యి ఆడుతుందా? గడువు పెట్టినవారు విచారణకు విడిగా ఒక అధికారిని, ఒక స్టెనోను ఇచ్చి ఉంటే ఖర్చుకు అర్థం ఉండేది.

డబ్బు లేదనే సాకు చెల్లదని 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఇదే 133వ సెక్షన్ కింద తేల్చింది. మురుగు కాలువలు కట్టడానికి నిధులు లేవన్న పురపాలక సంఘం వాదనను జస్టిస్ కృష్ణయ్యర్ అంగీకరించలేదు. ఆ తీర్పు స్ఫూర్తి సిబ్బంది కొరతకూ వర్తించాలని నా మనవి.

ఖజానాపై భారం పడే బిల్లుకు ఆర్థిక వివరణ పత్రం జతచేసే ఆనవాయితీ మన చట్టసభల్లో ఉంది. న్యూసెన్స్ చట్టాలను కేంద్రమైనా, రాష్ట్రమైనా మళ్లీ సవరించదలిస్తే, దరఖాస్తుదారుల మీద పడే ఖర్చును కూడా అందులో లెక్కగట్టాలి. ఈలోగా ప్రతి ఆర్డీఓ, తహసీల్దార్ కార్యాలయం గోడకు పాత, కొత్త సెక్షన్ల పట్టిక ఒకటి తెలుగులో అంటించి, ఏ నంబరుతో వచ్చిన కాగితాన్నైనా తీసుకొని ఆఫీసులోనే సరిచేయాలని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. దానికయ్యేది ఒక పేజీ జిరాక్సు ఖర్చు.

152 అని దిద్దిన మా రెండో దరఖాస్తుకు నంబరు పడింది. వాయిదా మాత్రం కొనుగోళ్లు ముగిశాక వేస్తామన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
హనుమకొండ