మా ఆవిడ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పినవాళ్లకు

అందరికీ నమస్కారం. నేను రాజమండ్రిలో బస్సు కండక్టర్ని. 19 ఏళ్ల సర్వీసు. నాకు డిప్రెషన్ వచ్చినప్పుడు తోడున్నవాళ్లకు దండం పెడుతూ ఇది రాయాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. పేర్లు వద్దని మా ఆవిడ అంది, అందుకే ఎవరి పేరూ పెట్టడం లేదు. చదివితే ఎవరికి వాళ్లకు తెలిసిపోతుంది.

ఎండాకాలంలో మొదలైంది. తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ వచ్చేసేది. మళ్లీ కన్ను మూతపడేది కాదు. గోడవైపు తిరిగి పడుకుని, ఈ రోజు ఎలా గడుస్తుందిరా దేవుడా అనుకునేవాణ్ణి. అన్నం ముందు కూర్చుంటే నోట్లోకి పోయేది కాదు. నాది రావులపాలెం రూటు. వేమగిరి, కడియపులంక, జొన్నాడ, నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే స్టాపులు. అలాంటిది స్టాపు పేరు గట్టిగా పిలవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. కడియపులంకలో పూలబుట్టలతో ఆడవాళ్లు ఎక్కుతారు. వాళ్లే రెండుసార్లు "కండక్టరు గారూ, టికెట్టు" అని అడిగితే గానీ కదిలేవాణ్ణి కాదు. సాయంత్రం డిపోలో డబ్బు కట్టేటప్పుడు ఒకే నోట్ల కట్ట మూడుసార్లు లెక్కపెడితే మూడు లెక్కలు వచ్చేవి. రెండు వారాల్లో నాలుగుసార్లు షార్ట్ పడి జేబులోంచి కట్టాను.

ఒక రాత్రి డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లలేక బస్టాండులో చివరి బెంచీ మీద కూర్చుండిపోయాను. నేను లేకపోతేనే ఇంట్లోవాళ్లకు నయం అనిపించింది. ఆ ఆలోచనకు నాకే భయం వేసింది. ఫోన్లో ఎప్పుడో చూసిన 14416 నంబరు గుర్తొచ్చింది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పలుకుతుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవతల ఎవరో అమ్మాయి గొంతు. మొదట "మీరు ఒక్కరే ఉన్నారా, ఎక్కడున్నారు" అని అడిగింది. తర్వాత "ఏమైనా తిన్నారా" అంది. ఆ రెండో ప్రశ్నకు ఏడుపు ఆగలేదు. నేను ఇంటి గుమ్మం ఎక్కేదాకా ఆ అమ్మాయి ఫోను పెట్టలేదు. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తానని నాతో మాట తీసుకుంది. అమ్మా, నీ పేరు కూడా నేను అడగలేదు. నువ్వు చల్లగా ఉండాలి.

మర్నాడు సెలవు పెట్టి గవర్నమెంటు ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి, అంటే మనసు జబ్బులు చూసే చోటికి వెళ్లాను. డాక్టరు మేడమ్ గారు తొమ్మిది ప్రశ్నల కాగితం ముందు పెట్టారు. అన్నీ గడిచిన రెండు వారాల గురించే. 27కి 18 వచ్చాయి, ఎంత ఎక్కువ వస్తే జబ్బు అంత ఎక్కువన్నమాట. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తం తక్కువగా ఉన్నా ఇలాగే నీరసం, దిగులు ఉంటాయట, అందుకని ఆ పరీక్షలూ రాశారు. అవి బాగానే వచ్చాయి. ఇది డిప్రెషన్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ అనే మందు రాశారు. వారం రోజులు 5 మిల్లీగ్రాములు, ఆ తర్వాత 10. మొదటి పది రోజులు వికారం, తలనొప్పి, కాస్త గుండెదడ రావచ్చు, గుణం కనిపించడానికి మాత్రం రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో వదిలేయొద్దు అన్నారు. చెడ్డ ఆలోచనలు ఎక్కువైతే ఆ క్షణమే రమ్మన్నారు. ఇంట్లో ఒకరికైనా చెప్పమన్నారు.

నేను చెప్పలేదు. బిళ్లల షీటు చిల్లర సంచి లోపలి అరలో పెట్టుకుని, డిపో కుళాయి దగ్గర మింగేవాణ్ణి. నాలుగో రోజున ఇంటికి రాగానే వాంతి అయింది. అదే రాత్రి ఉతకడానికని ఖాకీ చొక్కా, సంచీ తీస్తుంటే షీటు మా ఆవిడ చేతికి దొరికింది.

తను అరవలేదు. వంటింట్లో కింద కూర్చుని ఆ షీటు అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగు గుంటలు ఖాళీ. "మా బాబాయికీ ఇలాగే ఒక్క బిళ్లతోనే మొదలుపెట్టారండీ" అంది.

వాళ్ల బాబాయిని నేనూ చూశాను, మా పెళ్లప్పటికి ఆయనకు నలభై దాటలేదు. చేతులు బిగుసుకుపోయి, పాదాలు ఈడుస్తూ నడిచేవారు. మూతి పక్కన చొంగ కారుతుంటే తుడుచుకోవడం తెలిసేది కాదు. తన చిన్నప్పుడు ఆ చొంగ తుడిచింది మా ఆవిడే. పైగా వాళ్ల అమ్మగారు నిద్రబిళ్లలకు అలవాటుపడి, అవి లేకపోతే తెల్లవార్లూ కూర్చునేవారు. మందు అంటే తనకు ఈ రెండు బొమ్మలే. "వేసుకోవద్దని అనడం లేదు. నాకు చెప్పకుండా ఎందుకు వేసుకున్నారు?" అంది. షీటు తీసుకెళ్లి కందిపప్పు డబ్బాలో పెట్టింది. రెండు రోజులు నేను వేసుకోలేదు, తను తీసివ్వలేదు. చుట్టాల్లో ఒకాయన ఫోన్ చేసి, ఆడవాళ్ల భయాలు పట్టించుకోకు, నీ మందు నువ్వు మింగు అన్నాడు. నా మేలు కోరే అన్నాడు గానీ ఆ మాట నాకు నచ్చలేదు. తను కళ్లారా చూసిందే చెబుతోంది కదా.

మూడో రోజు ఇద్దరం కలిసి ఓపీకి వెళ్లాం. బయట బెంచీల నిండా జనం. మేడమ్ గారు నన్ను చూసి, పక్కన మా ఆవిడని చూసి, కుర్చీ తనకు చూపించారు. "బిళ్లలు వద్దంటున్నారంటే ఎవరికో ఏదో జరగడం చూసి ఉంటారు. ముందు అది చెప్పండమ్మా" అన్నారు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా రాస్తున్నాను. అంతవరకూ మా ఆవిడని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నేనూ అడగలేదు.

తను బాబాయి సంగతి అంతా చెప్పింది. మేడమ్ గారు మధ్యలో అడ్డుపడలేదు. విన్నాక, ఆయనది వేరే జబ్బు, ఆ మందులు వేరే రకం అన్నారు. పాతకాలం మందుల్లో కొన్నింటికి అలా చేతులు బిగుసుకోవడం, చొంగ కారడం ఉండేవని, అలాంటిది కనిపిస్తే డాక్టరుకు చెబితే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారని చెప్పారు. "మాకెవరూ చెప్పలేదండీ" అని మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఏడుపు నా గురించి కాదు, ఇరవై ఏళ్ల నాటిది.

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. అలవాటవుతుందా? నిద్రబిళ్లలు కొన్ని చాలాకాలం వాడితే అలవాటవుతాయి, డోసు పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. ఇది అలా కాదు, ఇంకా ఇంకా కావాలనిపించదు. కానీ ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు ఉండడం జరగొచ్చు, అందుకే మానేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. జీవితాంతమా? ఇది మొదటిసారి కాబట్టి, పూర్తిగా బాగయ్యాక ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు, ఆ తర్వాత చూద్దాం. ఉద్యోగానికి ఏమన్నా అవుతుందా, డిపోలో తెలుస్తుందా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి, మేము చెప్పం. భార్యాభర్తల విషయంలో కొందరికి ఆసక్తి తగ్గొచ్చని, సిగ్గుపడి దాచుకోవద్దని, దానికీ దారులున్నాయని మేడమ్ గారే ఎత్తి చెప్పారు. అది మేం అడిగి ఉండేవాళ్లం కాదు.

చివర్లో మా ఆవిడ, "నాకింకా పూర్తిగా నమ్మకం కుదరలేదు మేడమ్" అంది. "కుదరక్కర్లేదమ్మా. రోజూ మీరు చూసింది రాసి తీసుకురండి" అన్నారావిడ.

ఇంటికి రాగానే షీటు కందిపప్పు డబ్బాలోంచి బయటికొచ్చింది. అప్పటినుంచి రాత్రి భోజనం అయ్యాక బిళ్ల, గ్లాసు నీళ్లు తనే ఇస్తుంది. గోడమీది క్యాలెండర్ గళ్లలో పెన్సిలుతో సన్నగా రాసేది. "4 గం. లేచారు." "రెండు ఇడ్లీ." "తలనొప్పి." "మాట్లాడలేదు." ఒక వారమంతా ఇంచుమించు ఇవే. నాకు మారినట్టే అనిపించలేదు, వదిలేద్దామా అని కూడా అన్నాను. వద్దు, మేడమ్ చెప్పిన రోజులు కానివ్వండి అంది, భయపడిన మనిషే. నాలుగో వారంలో ఒక గడిలో "బాబుని కసిరారు" అని ఉంది. గుమ్మంలో చెప్పులు అడ్డంగా వదిలాడని మావాణ్ణి ఒక్క కేక వేశాను. అంతకుముందు వాడు నా మీదనుంచి దూకి వెళ్లినా పలికేవాణ్ణి కాదు. ఆ గడి చుట్టూ తను సున్నా చుట్టింది. ఓపీలో క్యాలెండర్ కాగితం చూసి మేడమ్ గారు కూడా అక్కడే వేలు పెట్టారు. కొందరిలో మార్పు ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తుందన్నారు.

ఇంకో ఇద్దరున్నారు. కారణం అడగకుండా రెండు నెలలు నాకు నైట్ హాల్టులు తప్పించిన, డిపోలో డ్యూటీ చార్టు వేసే అన్న ఒకరు. ఆసుపత్రిలో స్టాకు లేనప్పుడు బయట కొంటే, నలుగురిలో మందు పేరు పైకి చదవకుండా కవర్లో పెట్టిచ్చిన మెడికల్ షాపు తమ్ముడు ఒకరు. నేను సిగ్గుపడుతున్నానని గమనించి, "రోజూ ఎంతమందికో ఇస్తాను సార్" అన్నాడు. మీ ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఇప్పుడు ఐదో నెల. నిద్ర ఐదింటిదాకా పడుతోంది. లెక్క కుదురుతోంది. కడియపులంకలో బుట్టలు పైకి అందుకుంటున్నాను. దిగులు అసలు రావడం లేదని అనను. వస్తోంది, పోతోంది.

మా ఆవిడకు కూడా ఇక్కడే, అందరి ముందూ చెప్పాలి. నువ్వు భయపడ్డావు, భయపడుతూనే నా పక్కన కూర్చున్నావు. నీ దగ్గర దాచడం నా తప్పు.

మేడమ్ గారూ, వచ్చే నెల మళ్లీ వస్తున్నాం. ఇంకెన్నాళ్లు అని తను మళ్లీ అడుగుతుంది. ఈసారి చీటీలో అప్పుడే నాలుగు ప్రశ్నలు రాసి పెట్టుకుంది. కాస్త టైము ఉంచండి.