వైఫల్యానికీ ఒక అధ్యాయం కేటాయించండి: డిజిటల్ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. జాతీయ డిజిటల్ విధానం పేరుతో వెలువడే పత్రాలను కొన్నేళ్లుగా శ్రద్ధగా చదువుతున్నాను. ఎన్ని సేవలు ఆన్‌లైన్‌కు మారాయి, ఎంతమంది నమోదయ్యారు అన్న లెక్కలు వాటిలో పుష్కలంగా ఉంటాయి. నమోదు కాలేకపోయినవారు ఎందరు, వ్యవస్థ ఆగిపోయిన రోజున పని ఎలా సాగాలి అన్న విషయాలకు మాత్రం చోటు దొరకడం అరుదు. మీరు తీసుకురాబోయే విధానంలో వైఫల్యానికి ఒక పూర్తి అధ్యాయం ఉండాలని కోరడానికే ఈ లేఖ.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక, ఏళ్లు పట్టాల్సిన మార్పులు వారాల్లో జరిగిపోయాయి. అప్పటి తొందరను ఇప్పుడు తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ వరదలో దాటేందుకు అడ్డంగా వేసిన దుంగను, వరద తీశాక కూడా వంతెనగానే వాడుకుంటున్నాం.

చదువుల సంగతే చూడండి. యునెస్కో లెక్క ప్రకారం ఒక దశలో 190కి పైగా దేశాల్లో దాదాపు 160 కోట్ల మంది విద్యార్థులపై బడుల మూసివేత ప్రభావం పడింది. పాఠాలు ఆన్‌లైన్‌లో కొనసాగుతున్నాయని ప్రభుత్వాలు చెప్పుకున్నాయి. 3 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి, ఇంట్లో ఇంటర్నెట్టే లేదని 2020 చివర్లో యునిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి తేల్చాయి. పాఠం చెప్పినట్టు లెక్కల్లో చేరింది; విన్నవారెందరన్నది చేరలేదు. భారతదేశంలో 18 నుంచి 44 ఏళ్లవారు టీకా కోసం కోవిన్ పోర్టల్‌లో ముందుగా నమోదు కావాలన్న నిబంధనపై సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వులో డిజిటల్ అంతరాన్ని ప్రస్తావిస్తూ ప్రశ్నలు వేసింది. జూన్ 21 నుంచి అమలైన మార్గదర్శకాల్లో, టీకా కేంద్రంలోనే నమోదు చేసుకునే వీలు ప్రభుత్వ, ప్రైవేటు కేంద్రాలన్నిటిలో ఉండాలన్నారు. ఇలాంటి ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లకుండానే విధానంలో జవాబు ఉండాలి.

సంపన్న దేశాలకు ఈ బెడద లేదనుకోవడం పొరపాటు. 2020 సెప్టెంబరు చివరి వారంలో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాకుండా పోయాయి. సుమారు 65 వేల వరుసలకు మించి పట్టని పాత తరహా ఎక్సెల్ ఫైలులోకి ఫలితాలను ఎక్కించడమే కారణం. ఫైలు నిండింది, మిగిలినవి జారిపోయాయి, ఎవరికీ హెచ్చరిక అందలేదు. పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం చెప్పారు గానీ, వారిని కలిసినవారిని వెతికే పని ఆలస్యమైంది. కృత్రిమ మేధ గురించి గొప్పగా మాట్లాడే విధాన పత్రాలను చదివినప్పుడల్లా నాకు ఆ ఫైలే గుర్తొస్తుంది.

ఐర్లండ్ అనుభవం ఇంకా విలువైనది. 2021 మే 14న ఆ దేశ ప్రభుత్వ ఆరోగ్య సేవా సంస్థపై రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, తెరవడానికి డబ్బు అడిగే దాడి) జరిగి, ఆసుపత్రుల సిబ్బంది కాగితానికీ కలానికీ మళ్లాల్సి వచ్చింది. దాడికి దారితీసిన ఈమెయిల్ జోడింపును ఒక ఉద్యోగి కంప్యూటర్‌లో తెరిచింది అదే ఏడాది మార్చి 18న. అంటే ఎనిమిది వారాల పాటు చొరబాటుదారులకు అవకాశం దక్కింది. ఈ సంగతి మనకు తెలియడానికి కారణం, స్వతంత్ర సమీక్ష జరిపించి ఆ నివేదికను డిసెంబరులో బహిరంగంగా ప్రచురించడమే. ఎన్ని ప్రభుత్వాలు ఆ పని చేస్తాయి? సర్వర్ సమస్య అని ఒక్క మాట చెప్పి ఊరుకోవడమే ఎక్కువగా చూస్తుంటాం. పెద్ద అంతరాయం కలిగిన ప్రతిసారీ నిర్ణీత గడువులోగా కారణాలను ప్రజల ముందుంచాలన్న నిబంధనను మీ విధానంలో చేర్చండి.

నమ్మకం విషయమూ ఇక్కడే చెప్పాలి. సింగపూర్‌లో ఎవరు ఎవరికి దగ్గరగా మెలిగారో నమోదు చేసే ట్రేస్‌టుగెదర్ యాప్ సమాచారాన్ని, కోవిడ్ సోకినవారిని కలిసినవారెవరో గుర్తించడానికే వాడతామని మొదట హామీ ఇచ్చారు. పోలీసులు నేర దర్యాప్తు కోసం కూడా దాన్ని పొందవచ్చని 2021 జనవరిలో పార్లమెంటులో వెల్లడైంది. విమర్శలు వచ్చాక, 7 రకాల తీవ్ర నేరాలకే ఆ వీలును పరిమితం చేస్తూ ఫిబ్రవరిలో చట్టం చేశారు. అత్యవసర సమయంలో సేకరించిన సమాచారాన్ని ఏ తేదీన చెరిపేస్తారో సేకరించే రోజునే చట్టంలో రాసి ఉంచితే, తర్వాత సంజాయిషీ చెప్పుకునే అవసరం రాదు.

చివరిగా కౌంటర్ల మాట. ఆన్‌లైన్ సేవ మొదలైందన్న కారణంతో కార్యాలయంలో కిటికీ మూసేయడాన్ని పొదుపుగా చూపిస్తున్నారు. వేలిముద్ర పడని వృద్ధులకూ, ఫోను లేక ఓటీపీ అందుకోలేనివారికీ, పేరులో ఒక్క అక్షరం తేడా వల్ల దరఖాస్తు తిరస్కరణకు గురైనవారికీ ఆ కిటికీ వెనకాల కూర్చున్న మనిషే దిక్కు. ఆ మనిషికి వినడమే కాక, తప్పును సరిదిద్దే అధికారం కూడా ఇవ్వాలి. యంత్రం ఒప్పుకోవడం లేదని చెప్పి పంపించే ఉద్యోగి ఉన్నా లేనట్టే.

ముసాయిదాపై ప్రజాభిప్రాయం కోరేటప్పుడు ఆన్‌లైన్ ఫారం ఒక్కటే పెట్టవద్దని, పోస్టులో వచ్చే ఉత్తరాలనూ స్వీకరించాలని మనవి. ఆన్‌లైన్‌లోకి రాలేనివారి ఇబ్బంది ఆ ఫారంలో ఎలాగూ నమోదు కాదు.

భవదీయుడు,
ఒక పౌరుడు