వార్షిక నివేదిక: మన బాకీలు ఈ ఏడాది ఎందుకు పెరిగినట్టు కనిపిస్తున్నాయి

మన పొదుపు, రుణ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఆడిట్ పూర్తయిన పట్టికలు మీకు విడిగా అందాయి. నాలుగో పేజీ చూసి ఇప్పటికే కొందరు ఫోన్ చేశారు. "ఏంటండీ, పోయినేడు ఇన్ని లేవుగా మొండిబాకీలు, ఒక్క ఏడాదిలో ఏం మునిగింది?" అని. కొత్తగా ఏమీ మునగలేదు. లెక్కపెట్టే పద్ధతి మార్చాం, ఇన్నాళ్ళూ లోపల ఉన్నది బయటపడింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే. కొత్త సభ్యత్వాలు, కంప్యూటర్‌లోకి లెడ్జర్ ఎక్కించడం, ఆఫీసు మరమ్మతులు అనుకున్నట్టే జరిగాయి. వాటికి పట్టికలు చాలు.

పాత లెక్క ఎలా ఉండేదో చెప్తాను. పదివేల అప్పు, నెలకు వెయ్యి చొప్పున పది వాయిదాలు అనుకోండి. వడ్డీ సంగతి పక్కన పెడదాం. మూడు కట్టారు, తర్వాత రెండు కట్టలేదు. గడువు మీరిన బాకీ రెండు వేలే అని రాసుకుని ఊరుకునేవాళ్ళం. కానీ రెండు నెలలుగా కట్టని మనిషి దగ్గర మన డబ్బు ఏడు వేలుంది. ప్రమాదంలో ఉన్నది ఆ ఏడు వేలూ. వాయిదా దాటి 30 రోజులైన ప్రతి అప్పులోనూ మిగిలిన అసలు మొత్తాన్ని లెక్కలోకి తీసుకోవడం చాలా దేశాల్లో చిన్న రుణ సంస్థలు వాడే కొలత. మనలాంటి రుణ సంఘాల ప్రపంచ సమాఖ్య, వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ క్రెడిట్ యూనియన్స్, సంఘాల ఆర్థిక స్థితి కొలవడానికి తయారుచేసిన 'పెర్ల్స్' పద్ధతి కూడా తప్పిన వాయిదాను కాక మిగిలిన అప్పునే చూడమంటుంది. అలాంటివి మొత్తం అప్పుల్లో 5 శాతం మించకూడదంటుంది. మనం మించాం. ఎంత మించామో పట్టికలో దాచకుండా వేశాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త అప్పులు దండిగా ఇచ్చినన్నాళ్ళూ ఈ శాతం తక్కువగానే కనిపిస్తుంది. శాతం లెక్కలో కింద ఉండే మొత్తం అప్పు పెరుగుతుంది, కొత్త అప్పు అప్పుడే వాయిదా తప్పదు కదా! గత రెండేళ్ళూ మన శాతాలు బాగున్నాయని సమావేశంలో చప్పట్లు కొట్టుకున్నాం. ఈ ఏడాది కొత్త అప్పులు తగ్గించేసరికి పాతవి తేలాయి.

ఇక రాయడానికి కష్టంగా ఉన్న సంగతి. లెడ్జర్ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే ఒక సభ్యుడి పేజీ దగ్గర ఆగాం. పాత అప్పు పూర్తిగా తీరినట్టు జమ. అదే తేదీన, కింద వరుసలోనే, కాస్త పెద్ద మొత్తానికి కొత్త అప్పు. ఆ రోజు నగదు పుస్తకం తీసి చూస్తే లోపలికి వచ్చింది ఏమీ లేదు, రెండింటి మధ్య తేడా మాత్రం బయటికి వెళ్ళింది. రెండు వరుసలూ ఒకే చేతిరాత. ఆ చేతిరాత నాదే. "తమ్ముడూ, ఈసారికి సర్దు" అన్నారు, సర్దాను. అలా మూడుసార్లు. ఆ అప్పు పుస్తకంలో ఒక్కరోజు కూడా గడువు మీరలేదు, ఇప్పటికీ తీరలేదు. తిరగరాసిన ఇలాంటి అప్పులన్నీ ఈసారి ఉన్నవి ఉన్నట్టు చూపించాం.

1864లో జర్మనీలోని హెడ్డెస్‌డార్ఫ్‌లో రైఫైజెన్ అనే ఆయన రుణ సంఘం పెట్టినప్పుడు, ఒకరినొకరు ఎరిగినవాళ్ళే సభ్యులు కావాలన్నది అందులో ముఖ్యమైన నియమం. ఎవరు ఎంత తీర్చగలరో ఏ కాగితం చూడకుండానే ఇరుగుపొరుగుకి తెలుస్తుంది. మన సంఘమూ ఆ బలం మీదే నడుస్తోంది. కాకపోతే ఎరిగినవాళ్ళ దగ్గర మొహమాటం కూడా ఎక్కువే. అందుకే పాత అప్పు మీద కొత్త కాగితం రాసే అధికారం ఇప్పుడు కార్యదర్శికి లేదు. ముగ్గురు కలిసి చూడాలి, అప్పు ఇచ్చినవారు ఆ ముగ్గురిలో ఉండకూడదు. కార్యవర్గ సభ్యుల సొంత అప్పులకూ ఇదే వర్తిస్తుంది. దరఖాస్తు చర్చకు వచ్చినప్పుడు వారు గదిలో ఉండరు. వారిలో ఒకరి బాకీ 30 రోజులు దాటింది, ఆయన తనంతట తానే కార్యవర్గం నుంచి తప్పుకున్నారు.

వాయిదా తప్పిన వారంలోపే ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టాం. వసూలుకు కాదు, కారణం తెలుసుకోవడానికి. కుట్టుపని చేసే ఒక సభ్యురాలి ఇంటికి వెళ్తే మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మోటారు కాలిపోయి మూడు వారాలైందట. "ముందే చెప్పాల్సింది అన్నా, సిగ్గేసింది" అన్నారు. వాయిదా సగానికి తగ్గించి గడువు పెంచాం. ఇది తిరగరాయడం కాదా అని ఒకరు అడిగారు. కాదు. పాత అప్పు తీరినట్టు రాయలేదు. విడిగా ఒక రిజిస్టర్‌లో ఎక్కించాం. వరసగా నాలుగు వాయిదాలు పడేదాకా అది ప్రమాదంలో ఉన్న అప్పుగానే లెక్క. ఉండీ కట్టనివారి విషయంలో మాత్రం ఈ మెత్తదనం చూపలేదు, వారి హామీదారులకు నోటీసులు వెళ్ళాయి.

అప్పు తీసుకున్నవారిని గ్రూపులుగా చేసి, ఒకరు కట్టకపోతే ఆ గ్రూపంతా కట్టాలని నియమం పెడదామని కొందరు గట్టిగానే అడిగారు. ఒకరికి జబ్బు చేస్తే అది పని చేస్తుంది. దెబ్బ అందరికీ ఒకేసారి తగిలితే? 1998 వరదల తర్వాత బంగ్లాదేశ్‌లో పేదలకు చిన్న అప్పులిచ్చే గ్రామీణ్ బ్యాంకుకు వసూళ్ళు బాగా దెబ్బతిన్నాయి. తర్వాత రెండుమూడేళ్ళకు వాళ్ళు తమ పద్ధతినే తిరగరాసుకుని, కష్టంలో ఉన్నవారు వాయిదాలు మార్చుకునే వీలు పెట్టారు. మునిగినవాడిని పక్కన మునిగినవాడు ఎక్కడ లాగుతాడు? కార్యవర్గం ఆ ప్రతిపాదనను ఒప్పుకోలేదు. దానికి బదులు, ఒకే పని మీద బతికేవారికి ఇచ్చే అప్పుల మొత్తానికీ, ఒక్కరికి ఇచ్చే అప్పుకీ హద్దు పెట్టాం. అప్పు ఎంత ఇవ్వాలన్నది ఇకపై పొదుపుకు ఇన్ని రెట్లని కాక, ఇంటి ఖర్చులు పోను నెలకు ఎంత మిగులుతుందో అడిగి నిర్ణయిస్తాం. వేరేచోట్ల ఉన్న అప్పులూ చెప్పాలి. ఈ ప్రశ్నలు కొందరికి నచ్చలేదని తెలుసు.

డివిడెండ్ ఎందుకు లేదన్నది చాలామంది ప్రశ్న. 12 నెలలు దాటిన బాకీలకు పూర్తిగా, అంతకు తక్కువ కాలం గడువు మీరినవాటికి 35 శాతం డబ్బు, మునిగితే పూడ్చుకోవడానికి, పక్కన పెట్టమని పెర్ల్స్ చెప్తుంది. మిగులంతా దానికే పోయింది. వందకు ఖర్చులన్నీ పోను రెండు మిగిలే చోట, ఒక వంద మునిగితే సక్రమంగా తీరిన 50 వందల లాభం దానికి సరి. పుస్తకం నుంచి తీసేసిన బాకీల జాబితా కూడా ఉంది. తీసేయడం అంటే మాఫీ కాదు, వసూలు ప్రయత్నం ఆగదు.

హామీదారుల సంగతి ఇంకా తెగలేదు. "ఊరికే సాక్షి సంతకమన్నారు, అందుకే పెట్టాను" అని ఇద్దరు వాదిస్తున్నారు. వారి మాటలో నిజముంది, అప్పు తీరకపోతే హామీదారే బాధ్యులన్న ముక్క పాత ఫారంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండేది. కొత్త ఫారంలో హామీదారు ఎంత మొత్తానికి, ఎన్నాళ్ళకు బాధ్యులో పెద్ద అక్షరాల్లో రాయించాం. సర్వసభ్య సమావేశం రోజు కాపీలు బల్ల మీద ఉంటాయి. రెండో పేజీ చదివి, మార్పులుంటే అక్కడే చెప్పండి, ఓటింగ్ దాని మీదే.

కార్యదర్శి