కుండలో ఉప్పు, మెట్ల మీద ఉప్పు

హన్మకొండ

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగిన మాట ఇంకా నా తలలోనే తిరుగుతోంది. మినియాపోలిస్‌లో మీ ఇంటి మెట్ల మీద ఉప్పు చల్లి మంచు కరిగిస్తున్నారన్నావు. "మరి నువ్వు ఉప్పేసి కుల్ఫీ గడ్డకట్టించేవాడివి కదా బాపూ, ఏది నిజం?" అన్నావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే రాస్తున్నా.

రెండూ నిజమే. నా కుండలో కూడా ఉప్పు ఐస్‌ను కరిగించేది. చిన్నప్పుడు నీ కళ్ళన్నీ రేకు గొట్టాల్లోని కుల్ఫీ మీదే ఉండేవి కాబట్టి చుట్టూ ఉన్న ఐస్ ఎట్లా నీరైపోతుందో నువ్వు చూడలేదు.

ఐస్ గడ్డ మీద ఎప్పుడూ పల్చటి తడి ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర కొంత ఐస్ నీరవుతుంటే, అంతే నీరు మళ్ళీ గడ్డలో చేరుతుంటుంది. ఆ తడిలో ఉప్పు కరిగితే తిరిగి చేరే నీరు తగ్గిపోతుంది, విడిపోయేది మాత్రం ఆగదు. ఇక గడ్డ కరుగుతూనే పోతుంది. కరగాలంటే వేడి కావాలి, గ్రాము ఐస్‌కు 80 క్యాలరీలు. మీ మెట్ల దగ్గర ఆ వేడిని రాయి, గాలి ఇస్తాయి. నేనేమో కుండకు తడి గోనెసంచి చుట్టి బయటి వేడిని రానిచ్చేవాణ్ణి కాదు. అప్పుడు ఇవ్వాల్సింది గొట్టాల్లోని పాలే. ఉన్న వేడంతా ఇచ్చేసి అవి గడ్డకట్టేవి.

ఉత్త ఐస్‌తో ఆ పని కాదు. పాలల్లో చక్కెర ఉంటుంది, చక్కెర కూడా ఉప్పు లాగే గడ్డకట్టడాన్ని ఆపుతుంది. అందుకే ఆ పాలకు సున్నా చాలదు, ఉప్పు కలిస్తేనే చుట్టూ ఉన్న ఐస్ సున్నా కిందికి దిగుతుంది. ఒకసారి ఐనవోలు జాతరలో నా దగ్గర దొడ్డు ఉప్పు అయిపోయింది. బండి నిండా ఐస్ ఉంది, అయినా మధ్యాహ్నానికి పాలు పాలలాగే ఉన్నాయి. ఎండలో నిలబడ్డ పిల్లలను ఉత్త చేతులతో పంపాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత మూడు వంతుల ఐస్‌కు ఒక వంతు ఉప్పు అనే లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఇప్పుడు నాకు టెన్షన్ పెట్టే సంగతి. ఉప్పుకూ ఒక హద్దుంది. ఎంత కలిపినా మన సెల్సియస్ లెక్కలో మైనస్ 21 డిగ్రీల కిందికి అది పనిచేయదు. అంతకంటే చాలా ముందే, మీ ఫారెన్‌హీట్ లెక్కలో 15 కిందికి దిగితేనే, రోడ్డు మీది ఉప్పు బాగా నెమ్మదిస్తుంది. (ఆ ఫారెన్‌హీట్ గారు 1724లో తన సున్నాను ఐస్, నీళ్ళు, నవాసారం కలిపి గుర్తించాడు. మన కళాయి వేసేవాళ్ళ దగ్గరుండే నవాసారమే!) అంత చలి ఉన్న పొద్దున, ఉప్పు చల్లారు కదా అని మెట్లు గబగబా దిగకు. ఆ రోజు ఇసుక చల్లుకో. అది మంచును కరిగించదు గానీ కాలు జారనివ్వదు. క్యాల్షియం క్లోరైడ్ అనే ఇంకో రకం ఉప్పు దొరికితే ఇంకా ఎక్కువ చలిలో పనిచేస్తుంది, కరిగేటప్పుడు తనే కొంత వేడి ఇస్తుంది.

పిడికెడు ఉప్పు చాలు, కుప్ప పోయకు. మిగిలిన పలుకులు ఊడ్చి ఎత్తిపెట్టుకో. కుండలో మిగిలిన ఉప్పునీళ్ళు నేను పెరట్లో పారబోసేవాణ్ణి. అమ్మ ప్రాణంగా పెంచుకున్న కరివేపాకు చెట్టు అట్లనే ఎండిపోయింది. అక్కడ మంచు కరిగితే ఆ ఉప్పంతా మీ చెరువుల్లోకే పోతుంది. కారు అడుగున కూడా తుప్పు పడుతుంది, అప్పుడప్పుడు కడిగించు. ఇంకొకటి, ఉప్పు కలిసిన మంచును ఉత్త చేత్తో పట్టుకోకు. ఉత్త మంచు కంటే చాలా చల్లగా ఉంటుంది, చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది.

రేపు పొద్దున అక్కడ ఎంత చలి ఉంటుందో మెసేజ్ పెట్టు. ఫారెన్‌హీట్‌లోనే పెట్టు, లెక్క నేను వేసుకుంటా.

నీ బాపు