ఆదివారం కబుర్లు ఉంటాయి, పానా మాత్రం పట్టం

విశాఖ గాజువాకలోని మన కార్ల రిపేర్ షెడ్డు కస్టమర్లందరికీ నమస్కారం.

వచ్చే నెల నుంచి ఒక మార్పు చేస్తున్నాం. ఆదివారం పొద్దున మనం కలవడం ఎప్పటిలాగే ఉంటుంది. షట్టర్ తీసే ఉంటుంది, టీ ఉంటుంది, బీచ్ రోడ్డు మీద రుషికొండ, తొట్లకొండ దాటి భీమిలి దాకా డ్రైవూ ఉంటుంది. బండి పని మాత్రం ఉండదు. బోనెట్ ఎత్తి చూపించండి, సౌండ్ వినిపించండి, సలహా అడగండి. పానా పట్టమని మాత్రం అడగొద్దు. ఒక్కొక్కరికీ విడిగా చెబితే "అందరికీ సరే, నాకు కూడానా?" అంటారు. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

అసలు ఈ ఆదివారాలు ఎవరూ ప్లాన్ చేసి పెట్టినవి కావు. గాజువాకలో షెడ్డు అంటే స్టీల్ ప్లాంట్ వాళ్లు ఎక్కువ. రాత్రి 10కి ఎక్కి పొద్దున 6కి దిగే సి షిఫ్ట్ వాళ్లు ఇంటికెళ్లే దారిలో టీకి ఆగేవారు. తర్వాత డాక్‌యార్డ్ వాళ్లు, బ్యాంకు వాళ్లు, రుషికొండలో అమెరికా టైమింగ్స్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కలిశారు. ఏ ఇద్దరి వారమూ ఒకలా ఉండదు. షిఫ్ట్ మారితే స్టీల్ ప్లాంట్ వాళ్లకి ఆదివారం సెలవని గ్యారంటీ కూడా లేదు. అయినా ఆ ఒక్క పూటకి ఎలాగో అలా వచ్చేస్తారు.

ఇక్కడ ఎవరికీ అసలు పేరు ఉండదు, బండి పేరే పేరు. జెన్, కాంటెస్సా, పద్మిని, మారుతీ 800, అన్నీ పాత కార్లే. కొత్తగా వచ్చినవాళ్ల కోసం మొన్నటి సంభాషణ కాస్త రాస్తాను.

జెన్ తమ్ముడు కళ్లు నులుముకుంటూ దిగాడు. "అన్నా, మీకిది ఆదివారం పొద్దున. నాకింకా శనివారం రాత్రే."

కాంటెస్సా గారు ఊరుకుంటారా? "నువ్వు ఏసీలో కుర్చీలో కూర్చుని మేలుకున్నావు. నేను ఫర్నేస్ పక్కన నిలబడి మేలుకున్నాను. రెండూ ఒకటే అంటావేంట్రా?"

"మీ ఇద్దరికీ నిద్ర లేదు, నా బండికి వారమంతా నిద్రే" అన్నారు పద్మిని మాస్టారు. ఆయన రిటైరై చాలా కాలమైంది.

"చోక్ లాగితే గానీ లేవదు కదా మాస్టారూ!" అన్నాడు జెన్ తమ్ముడు.

"చోక్ లాగితే లేస్తుంది కదా. నిన్ను లేపాలంటే మీ ఆవిడ బకెట్‌తో నీళ్లు తేవాలట."

మారుతీ 800 మేడమ్ బ్యాంకు ఆవిడ. నెలాఖరు వారం తప్పితే ప్రతి ఆదివారం వస్తారు. మాట్లాడేది తక్కువ, అన్నారంటే తగులుతుంది. "796 సీసీ, మూడే సిలిండర్లు. ఇంతవరకు ఎవరినీ తోయమని అడగలేదు. కాంటెస్సా గారూ, మీరు ఎంతమందితో తోయించారో లెక్కుందా?" ఆయన బండిలో ఉన్నది 1.8 లీటర్ల ఇసుజు ఇంజన్. దాని గురించి గంటసేపు చెప్పగల మనిషి, ఆ ప్రశ్న విన్నాక టీ తాగుతూ ఉండిపోయారు.

ఇదంతా నాకు ఇష్టమే. వ్యాపారంగా చూసినా లాభమే, దాచేదేముంది? కొత్త కస్టమర్లలో చాలామంది ఈ కబుర్ల నుంచే వచ్చారు. ఇబ్బంది "ఒక్క నిమిషం చూడన్నా" దగ్గర మొదలవుతుంది. ఆ ఒక్క నిమిషం కార్బురేటర్ విప్పేదాకా వెళ్తుంది. లోపల ఒక గాస్కెట్ చిరుగుతుంది. ఆదివారం సామాన్ల షాపు తెరవరు, లేత్ వాళ్లు ఉండరు. బండి విప్పి ఉంటుంది, కస్టమర్ ఆటో ఎక్కి ఇంటికి పోతారు. సోమవారం పొద్దున డెలివరీ ఇస్తానని మాటిచ్చిన బండి పక్కకి జరుగుతుంది. మాటిచ్చింది ఎవరికో వాళ్లు ఆదివారం రారు కాబట్టి, వాళ్ల కష్టం ఇక్కడ నవ్వుకునే మనకి కనబడదు. మా కుర్రాళ్లకీ వారంలో ఒక రోజు ఇంటి దగ్గర ఉండాలని ఉంటుంది. వాళ్లు అడగలేదు. అడగరు కూడా. అందుకే నేనే చెబుతున్నాను.

పని పరంగా చూసినా ఆదివారం పనికిరాని రోజు. పొద్దున స్టార్ట్ అవడం లేదన్న కంప్లయింట్ చూడాలంటే ఇంజన్ రాత్రంతా ఆగి చల్లబడి ఉండాలి. మీరు అంత దూరం నడుపుకొచ్చి, వేడి ఇంజన్ ముందు నిలబడి "ఇప్పుడు బాగానే స్టార్ట్ అవుతోందే" అంటే నేనేం చూడను? ఈ పాత బళ్లకి ట్యాపెట్ గ్యాప్ (ఇంజన్ వాల్వుల దగ్గర ఉండే సన్నటి సందు) కూడా చల్లగా ఉన్నప్పుడు పెట్టించుకోవడమే మంచిది. వేడి రేడియేటర్ మూత తీయమని అడిగేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

కాబట్టి మీ డ్యూటీలకి తగ్గట్టు వారాన్ని ఇలా సర్దాం. రోజూ సాయంత్రం 7 లోపు బండి వదిలితే తర్వాతి పనిరోజు పొద్దున చల్లటి ఇంజన్ మీద చూస్తాం. సి షిఫ్ట్ దిగి వచ్చేవాళ్ల కోసం బుధవారం ఏడింటికే తెరుస్తాం. తాళం ఇచ్చి వెళ్లి పడుకోండి, మధ్యాహ్నం దాకా ఫోన్ చెయ్యం. మీరూ చెయ్యకండి. సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం శుక్రవారం రాత్రి తొమ్మిది దాకా ఉంటాం.

ఖర్చు గురించి కూడా మాట్లాడుకుందాం. లేబర్ ఇప్పుడు పెంచడం లేదు. లేత్ పని, పార్సిల్ ఖర్చు మాత్రం ఇకపై బిల్లులో విడిగా కనిపిస్తాయి. పద్మినికో, కాంటెస్సాకో సామాను కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లో వెతకాలి, లేదంటే చెన్నై పుదుపేట. దొరికాక ఆర్టీసీ కార్గోలో రావాలి. రెండు రోజుల్లో వస్తుందని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టగలను, కానీ సామాను రాదు. మారుతీ 800 కూడా 2014లోనే ఆగిపోయింది, కాబట్టి మేడమ్ గారూ, మీరూ మెల్లగా ఈ లైన్లోకే వస్తున్నారు.

పెట్రోల్ గురించి ప్రతి వారం వాదన జరుగుతోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరుని పాడుచేస్తుంది. కొంచెం మైలేజ్ తగ్గడం నాకు పెద్ద విషయం కాదు. పెట్రోల్ పైపు మెత్తబడి ఇంజన్ మీద కారడం పెద్ద విషయం. కార్బురేటర్ బళ్లున్నవాళ్లు పైపులు, ఇంజన్‌కి పెట్రోల్ అందించే పంపులో డయాఫ్రం (పల్చటి రబ్బరు పొర) ఒకసారి చూపించుకోండి. వారానికోసారి మాత్రమే కదిలే బళ్లకి ఇది ఇంకా అవసరం. మాస్టారూ, మిమ్మల్నే.

రెండోది తుప్పు. సముద్రం పక్కన ఉంటూ, ప్రతి ఆదివారం సముద్రం పక్కనే తిరుగుతున్నాం. భీమిలి నుంచి వెళ్లాక పైన తుడిస్తే సరిపోదు, కింద మంచినీళ్లు కొట్టండి. డోర్ల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మట్టితో మూసుకుపోతే డోర్ లోపలి నుంచే తినేస్తుంది. తుప్పు గీకకుండా పైన నల్లరంగు కోటింగ్ కొట్టించేస్తున్నారు కొందరు. లోపల తుప్పు పనిచేస్తూనే ఉంటుంది, మీకు కనిపించదంతే. తర్వాత టింకరింగ్ (రేకు పని) బిల్లు చూసి నా మీద అరుస్తారు.

ఆర్‌సీ సంగతి చాలామంది అడిగారు. 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 5,000. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. దీని మీద కాంటెస్సా గారి ఉపన్యాసం ఆదివారం ఉచితంగా వినొచ్చు.

చివరగా, ఈసారి భీమిలి కాదు, అరకు వెళ్దామని నిర్ణయమైంది. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కుతాం. ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి, దిగేటప్పుడు బ్రేకుల వేడి. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే ఉన్న బళ్లలో దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూనే ఉంటే కాసేపటికి పట్టు వదిలేస్తుంది, సెకండ్ గేర్‌లోనే దిగాలి. వచ్చేవాళ్లందరూ ఆ ముందు గురువారం లోపు బ్రేకులు చూపించుకోండి. ఆదివారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని "అన్నా, పెడల్ కొంచెం లోపలికి పోతోంది" అన్నవాళ్ల బండి షెడ్డులోనే ఉంటుంది. వాళ్లని జెన్ వెనక సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్తాం. పొడుగు మనుషులు బాగా ఆలోచించుకోండి.