మీ ప్రెస్‌లో ఇప్పుడు ప్రూఫులు ఎవరు చూస్తున్నారండీ?

మేనేజర్ గారికి,

నమస్కారమండీ. నేను మీ మాసపత్రికకి జీవిత చందాదారుని, తాడేపల్లిగూడెంలో మా లలితా పారాయణ బృందం తరఫున ఏటా మీ దగ్గర స్తోత్రాల పుస్తకాలు కట్టలకి కట్టలు తెప్పించేది కూడా నేనే. మీ వాట్సాప్ నంబరుకి రాస్తే "మీ సందేశం మాకు అమూల్యం" అని దానంతటదే ఒక జవాబు వచ్చి అక్కడితో ఆగిపోయింది, ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి రెండు నొక్కండి అంటోంది తప్ప మనిషి పలకట్లేదు, అందుకే మెయిల్ పెడుతున్నా, దీన్నే ప్రింటు తీసి పోస్టులో కూడా వేస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి, మీ పత్రికలో వాస్తు వ్యాసాలు మేం చదవట్లేదా ఏంటి.

ముందు పుస్తకం సంగతి. భీష్మ ఏకాదశికి మా రామాలయంలో విష్ణు సహస్రనామం అందరం కలిసి చదువుదాం అనుకున్నాం, ఒక్కొక్కళ్ళ దగ్గర ఒక్కో ప్రతి ఉంటే పాఠం కలవదు కదా అని మీ కొత్త ప్రింటు, ఆ పెద్ద అక్షరాలది, వంద తెప్పించాం. అట్ట బాగుంది, కాగితం కూడా బాగుంది, నేనేం కాదనను. చదువుతూ చదువుతూ "మహాభోగో మహాధనః" దగ్గరికొచ్చేసరికి మీ పుస్తకంలో మహారోగో అని ఉంది. నోటికి వచ్చినవాళ్ళు భోగో అన్నారు, చూసి చదివేవాళ్ళు ఉన్నది ఉన్నట్టు రోగో అన్నారు, మంటపంలో సగం మంది అటు సగం మంది ఇటు, పూజారి గారు చెయ్యెత్తి ఆపేశారు. వెనక వరసలోంచి ఒకావిడ "డబ్బుతోపాటు జబ్బు కూడా ఈయనే ఇస్తాడేంటండీ" అంది, ఇంక పిల్లలు ఆగుతారా. నవ్వొచ్చే సంగతే గానీ నా చేతులమీదుగా వచ్చిన పుస్తకాలు కదండీ, తలెత్తుకోలేకపోయాను.

ఇంటికెళ్ళి మా మావగారి నాటి వావిళ్ళ ప్రెస్ వారి ప్రతి పక్కన పెట్టుకుని మొత్తం చూశాను. ఆ ఒక్కటే కాదు. అవగ్రహాలు, అంటే ఆ ఽ గుర్తులు, చాలాచోట్ల ఎగిరిపోయాయి, విసర్గ ఉండాల్సిన చోట రెండు చుక్కలు, అంటే లెక్కల్లో నిష్పత్తికి పెడతాం చూడండి అది, కొన్నిచోట్ల సున్నాకి బదులు అంకెల్లో సున్నా, వత్తులు కింద ఉండాల్సినవి పక్కకి జరిగి వేలాడుతున్నాయి. ధ్యాన శ్లోకాల్లో ఒక పాదం రెండుసార్లు పడింది. తప్పొప్పుల పట్టిక అయినా ఉందేమో అని చివర చూస్తే అక్కడ రుద్రాక్షల కంపెనీ ప్రకటన ఉంది. వావిళ్ళ వారు 1854లో మద్రాసులో మొదలెట్టారంటారు, అప్పుడు సీసం అక్షరాలు ఒక్కోటీ చేత్తో ఏరి కూర్చేవాళ్ళు, వాళ్ళ ప్రతిలో దొరకని తప్పులు ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని మీరెలా వేశారో నాకు అర్థం కాలేదు.

అడుగుదామని మొన్న మా అబ్బాయి కారులో మీ ఊరు వస్తే మీ షాపుకే వచ్చాను. కౌంటర్లో కుర్రాడు మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. పాత పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్స్‌లో, అంటే పాత పద్ధతి కంప్యూటర్ అక్షరాల్లో ఉన్నాయంట, వాటిని కన్వర్టర్లో వేసి యూనికోడ్, అంటే ఇప్పటి పద్ధతి అక్షరాలు, చేసి నేరుగా ప్లేటుకి పంపించేశారంట. మరి ప్రూఫు ఎవరు చూశారు బాబూ అంటే "సాఫ్ట్‌వేరే చూసుకుంటుందండి" అన్నాడు. మరి మీ ప్రూఫులు చూసే మాస్టారు? అన్నాను. "ఆయన పోయారు కదండీ" అన్నాడు, నాకు ముందే తెలిసి ఉంటుంది అన్నట్టు.

నాకు తెలీదండీ. ఎలా తెలుస్తుంది? మీరు చెప్పలేదు కదా.

నా అసలు ఫిర్యాదు ఇదే, పుస్తకం సంగతి దీని వెనకాలదే. మీ పత్రికలో చివరి రెండు పేజీలు "మన వాళ్ళు" అని వచ్చేవి. మీరు కొత్తగా వచ్చారు కాబట్టి తెలుసో లేదో, చాలామందిమి పత్రిక రాగానే వెనకనుంచి తిప్పేవాళ్ళం. ఫోల్డింగ్ సెక్షన్లో పనిచేసే అమ్మాయికి బీఎడ్ సీటొచ్చిందనీ, బైండింగ్ పెద్దాయన కొడుకు కానిస్టేబుల్ సెలక్షన్లో పరుగు పాసయ్యాడనీ, వ్యాను డ్రైవరు అయ్యప్ప మాల వేసుకుంటే ఇరుముడి నాడు ప్రెస్‌లోనే భిక్ష పెట్టారనీ, దసరాకి మిషన్లన్నీ కడిగి పసుపు కుంకాలు పెట్టి గుమ్మడికాయ కొట్టారనీ, అన్నీ ఉండేవి. ఆఫ్‌సెట్ మిషన్ నడిపే సాయిబు గారు రంజాన్‌కి సేమ్యా తెచ్చి అందరికీ పెట్టిన ఫోటో ఒకసారి వేశారు. రామాయణం బాలకాండ మొదటి ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే పేజీల షీటు, ఆయన చేతిమీదే దిగిందని కింద రాశారు, ఆ ఏడు మా బృందంలో ఆ ఫోటో గురించి మాట్లాడుకున్నంత బాలకాండ గురించి మాట్లాడుకోలేదు అంటే నమ్మండి.

2015 గోదావరి పుష్కరాలప్పుడు మీ ప్రెస్ వాళ్ళంతా వంతులు వేసుకుని కొవ్వూరు గోష్పాద క్షేత్రం దగ్గర మజ్జిగ పోశారని అందులోనే చదివాం, మేం వెళ్ళి ఆ పందిరి వెతుక్కుని మరీ తాగొచ్చాం. ఎవరో తెలీని మనుషులు కాదు కదా, పేర్లతో సహా తెలుసు, "మీరేనా అమ్మా కుట్టు బైండింగ్ చేసేది, మీ అమ్మాయికి పెళ్ళి కుదిరిందిగా" అని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది.

మాస్టారి గురించి కూడా అందులోనే తెలుసు. ఆయన ప్రూఫు ఒక్కరే చూసేవారు కాదంట, పక్కన ఒక కుర్రాడు మూలప్రతి పైకి చదువుతుంటే ఈయన ఎర్రపెన్ను పట్టుకుని ప్రూఫు మీద వేలు కదుపుతూ వెళ్ళేవారు. ఆ కుర్రాడు అక్షరాలే కాదు, "అవగ్రహం, దండం, విసర్గ" అని అవి కూడా పైకి చదవాలి. మూడో ప్రూఫు మాత్రం ఒక్కరే కూర్చుని చివరి పాదం నుంచి మొదటికి వెనక్కి చూసేవారంట, ముందునుంచి చదివితే వచ్చిన శ్లోకం కాబట్టి నోరు దానంతటదే సరిగ్గా పలికేస్తుంది, కళ్ళు తప్పుని దాటేస్తాయి అని. ఇదంతా ఆయన రిటైర్‌మెంట్ వయసు దాటినా ప్రెస్ పెద్దాయన ఉండమంటే ఉన్నారని రాసిన ముక్కలో వేశారు. భోగోకి రోగో పడితే ఆయన వదిలేవారా చెప్పండి?

మరి అలాంటి మనిషి పోతే మీ పత్రికలో ఒక్క లైను లేదు. కౌంటర్ కుర్రాడిని ఏ నెలలో అని అడిగి, ఇంటికొచ్చి ఆ నెల సంచిక, దాని తర్వాతది కూడా తీసి అట్టనుంచి అట్టదాకా చూశాను. ఏముందో చెప్పనా? యజమాని గారి అబ్బాయి గృహప్రవేశం, నిండు పేజీ, ఆరు ఫోటోలు, రంగుల్లో. శుభకార్యమే, సంతోషమే, మేమూ అక్షింతలు వేస్తాం. కానీ ముప్పై ఏళ్ళపైన మీ పుస్తకాలకి కళ్ళు అరగదీసిన మనిషికి రెండంగుళాల జాగా లేకపోయిందా? "మన వాళ్ళు" అంటే ఇప్పుడు మీ వాళ్ళు మాత్రమేనా? పోనీ ఆ పేజీలు ఎత్తేశాక వాట్సాప్ ఛానల్లో "ఎంప్లాయీ ఆఫ్ ద మంత్" అని పెడుతున్నారు, చూశాను, సూటు వేసుకున్న కుర్రాళ్ళే అందరూ, మార్కెటింగ్ అంట. మిషన్ దగ్గర వాళ్ళు ఒక్కళ్ళూ లేరు. దసరాకి పాఠకుల్ని కూడా పిలిచి పులిహోర, చక్కెర పొంగలి పెట్టేవాళ్ళు, ఈసారి గేటు దగ్గర సెక్యూరిటీ "స్టాఫ్ ఓన్లీ" అన్నాడని మా నిడదవోలు వదిన గారు వెనక్కి తిరిగొచ్చేశారు, పైగా స్టాఫ్‌లో కూడా ఆఫీసు వాళ్ళనే రిసార్టుకి తీసుకెళ్ళారని విన్నాం.

ఆయనకి రావాల్సిన గ్రాట్యుటీ సంగతి నేనడక్కూడదు, అది మీకూ ఆ ఇంటివాళ్ళకీ మధ్య విషయం. పదిమంది గానీ అంతకు పైన గానీ పనిచేసే చోట ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కన ఇవ్వాలని 1972 నుంచీ చట్టం ఉంది, నేను బ్యాంకులో చేసి రిటైరైనదాన్ని కాబట్టి తెలుసు, మీరు ఇచ్చే ఉంటారనుకుంటున్నా. ఇవ్వకపోతే మాత్రం ఈ మెయిల్‌కి జవాబు రాసేముందు అది ఇచ్చి రాయండి.

మీరు ఇచ్చే సమాధానాలు కూడా నాకు కొంత తెలుసు, కుర్రాడు చెప్పాడు. పేజీలు తగ్గించాం, ప్రకటనలు లేకపోతే నడవదు అంటారు. కాగితం రేటు పెరిగింది, ఒప్పుకుంటా. కానీ గోరఖ్‌పూర్‌లో గీతా ప్రెస్ వాళ్ళు 1923 నుంచీ ఉన్నారు, వాళ్ళ కల్యాణ్ పత్రిక 1926లో మొదలైంది, అందులో ప్రకటనలు వెయ్యరు. వాళ్ళ పుస్తకాలు తెలుగులో కూడా మీకంటే తక్కువకే దొరుకుతున్నాయి. అక్కడంతా రామరాజ్యం అని నేననట్లేదు, 2015లో జీతాల విషయంలో పనివాళ్ళు గొడవ చేస్తే పని ఆగిపోయింది, పేపర్లన్నిట్లో వచ్చింది. ఎంత పెద్ద దేవుడి పుస్తకాల ప్రెస్ అయినా పనిచేసే మనిషిని పట్టించుకోకపోతే ఒకరోజు అది బయటికొస్తుంది. మీది చిన్న ప్రెస్, అందరి మొహాలూ అందరికీ తెలిసిన చోటు, మీకు అంత దూరం రానివ్వకుండా చూసుకోడం కష్టమా?

ఇంకోటి, జీవిత చందాదారులకి పత్రిక ఆపేసి "పీడీఎఫ్ పంపుతాం" అన్నారు. కారణం అడిగితే 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు, ఖర్చు భరించలేం అని. కలిపింది నిజమే. కానీ మీ పత్రిక ఏనాడూ రిజిస్టర్డ్ పోస్టులో రాలేదండీ! పత్రికలకి ఇచ్చే రాయితీ రేటు మీద వచ్చేది, ఆ పోస్టల్ రిజిస్ట్రేషన్ నంబరు మీ చివరి పేజీ అడుగున ఇప్పటికీ అచ్చవుతోంది చూసుకోండి. మా బృందంలో డెబ్బై దాటినవాళ్ళు ఉన్నారు, ఫోనులో పీడీఎఫ్ వేళ్ళతో లాగి లాగి చదవడం వాళ్ళవల్ల కాదు, జీవిత చందా అంటే ఎవరి జీవితం అనుకుని తీసుకున్నారు మరి.

ఇప్పుడు నాకేం కావాలో చెప్తాను. ఆ వంద ప్రతుల్లో తొంభై దాకా వెనక్కి పోగుచేశాను, ఆర్టీసీ కార్గోలో వేస్తున్నా, రసీదు దీంతో జత చేశాను, కార్గో ఛార్జీ మీదే. మాకు డబ్బు వెనక్కి వద్దు, మనిషి ప్రూఫు చూసిన ప్రతులు కావాలి, ఆలస్యమైనా పర్లేదు. మిగతా షాపుల్లో ఉన్న స్టాకు కూడా తెప్పించుకోండి, కనీసం తప్పొప్పుల చీటీ అచ్చేసి అంటించండి. మాస్టారి దగ్గర చదివి వినిపించిన ఆ కుర్రాడు, ఇప్పుడు కుర్రాడు కాదులెండి, ఇంకా మీ దగ్గరే డెస్పాచ్‌లో పార్సిళ్ళు కడుతున్నాడంట. ఆయనకి ఆ కుర్చీ ఇవ్వండి, సాఫ్ట్‌వేర్ పక్కనే ఉండనివ్వండి, మాకేం అభ్యంతరం లేదు. మాస్టారి ఫోటో వేసి నాలుగు మాటలు రాయండి, ఎవరు రాయాలో తెలియకపోతే సాయిబు గారిని అడగండి, ఆయనకంటే బాగా చెప్పేవాళ్ళు ఉండరు. "మన వాళ్ళు" రెండు పేజీలు కాకపోతే ఒక పేజీ అయినా మళ్ళీ మొదలెట్టండి, దానికోసం జ్యోతిష్యం రత్నాల ప్రకటన ఒకటి పోతే ఆ డబ్బు ఎంతో చెప్పండి, మా బృందం వాళ్ళం తలా కొంత వేసుకుంటాం. ఇది ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంటున్నా, మా వాళ్ళతో మాట్లాడే రాస్తున్నా.

శ్రీరామనవమికి సుందరకాండ రెండొందల ప్రతులు ఆర్డరు ఇద్దామనుకున్నాం. ఉగాది లోపు మీ లెటర్‌హెడ్ మీద, సంతకంతో జవాబు వస్తే ఆ ఆర్డరు మీకే, లేకపోతే వేరేచోట తీసుకుంటాం. వాట్సాప్‌లో దండం బొమ్మ పెట్టి వదిలెయ్యకండి దయచేసి.

ఇట్లు,
మీ జీవిత చందాదారు,
లలితా పారాయణ బృందం తరఫున,
తాడేపల్లిగూడెం

తా.క. మాస్టారి ఇంటివాళ్ళ అడ్రసు కౌంటర్లో అడిగితే ఇవ్వకూడదన్నారు, అది సరైన పనే. మేం రాసిన ఉత్తరం ఒకటి ఈ కవర్లోనే విడిగా అంటించి పెట్టాం, విప్పకుండా వాళ్ళకి అందజేయండి.