ఫోన్ ఎత్తకపోతే ఉత్తరమే రాస్తాను

చి. చిన్నీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నకి షుగర్ కాస్త అదుపులోకి వచ్చింది కానీ రాత్రిపూట అన్నం మాత్రం మానలేదు. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే ఒక బొటనవేలు బొమ్మ పంపి ఊరుకుంటున్నావు. అందుకని కాగితం మీద రాసి, ఫొటోలు తీసి నీకు పంపమని శ్రీనుకి ఇస్తున్నాను. చదవనని ఒట్టు వేశాడు. వాడి ఒట్లు నీకు తెలిసినవే.

విషయం అంటూ ఏమీ లేదు, ఊరికే రాస్తున్నాను. అక్కడ మంచు మొదలైందని సరళత్త చెప్పింది. సరళత్త ఇంకా చాలా చెప్పిందిలే. నేపర్‌విల్‌లో వాళ్ల కోడలు నీ ఫొటో చూసిందట. మీ నోటర్ డేమ్ యూనివర్సిటీలో ఉన్న ఆ లూర్దు మాత గుహ ముందు మోకాళ్ల మీద కూర్చుని కొవ్వొత్తి వెలిగిస్తున్నావట. ఆదివారం ఆదివారం పూజకి వెళ్తున్నావట. వచ్చే ఈస్టర్‌కి క్యాథలిక్ మతం పుచ్చుకుంటావట. ఆవిడ సంగతి తెలుసు కదా, పెద్దక్క పెళ్లప్పుడు ఎంత గొడవ చేసిందో. నేనేం పట్టించుకోలేదు.

అయినా కొవ్వొత్తి వెలిగిస్తే ఏమైంది? ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి మన ఇంట్లో వెళ్లనిది ఎవరు? నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ నానమ్మ కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. ఇక్కడున్నదీ లూర్దు మాతే, మీ నోటర్ డేమ్‌లో ఉన్నదీ లూర్దు మాతే. మీ గుహ 1896లో కట్టారనీ, ఫ్రాన్సులో ఉన్న అసలు గుహలో ఏడో వంతేననీ నువ్వే కదా మాకు చూపించావు. కాబట్టి కొవ్వొత్తి సంగతి వదిలెయ్యి.

నీ ఉద్యోగం గురించి కొంచెం చదివాను. అదే, హైస్కూలు కుర్రాళ్లని మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి రప్పించే ఆ రిక్రూటింగ్ ఆఫీసు. వారానికి 20 గంటలు దాటడం లేదు కదా? వీసా సంగతి, జాగ్రత్త. మీ కోచ్ మార్కస్ ఫ్రీమన్ పద్ధతైన మనిషిలాగే కనిపిస్తున్నాడు. ఆయన 2022లో క్యాథలిక్ మతంలోకి మారాడట. అంతకు ముందు, ఎప్పుడో విగ్రహాలు పెట్టేంత గొప్ప కోచ్ నూట్ రాక్నీ కూడా లూథరన్‌గా, అంటే ప్రొటెస్టెంట్‌గా వచ్చి 1925లో మారాడట. ఊరికే చదువుతుంటే కనిపించింది. నాకు మాత్రం ఇంకో పాత కోచ్ ఆరా పార్సేజియన్ నచ్చాడు. 1964లో ప్రెస్బిటేరియన్‌గా (అదీ ప్రొటెస్టెంట్ శాఖే) వచ్చాడు, 1966లోనూ 1973లోనూ దేశం మొత్తం మీద గెలిపించాడు, ప్రెస్బిటేరియన్‌గానే వెళ్లిపోయాడు. ఆయన్నెవరూ ఏమీ అనలేదు. పేరు గుర్తుపెట్టుకో.

మేం వచ్చినప్పుడు చూసిందంతా నాకు ఇంకా కళ్లకి కట్టినట్టే ఉంది. మీ మెయిన్ బిల్డింగ్ గోపురానికి 23.9 క్యారెట్ల బంగారు రేకు అంటే నాన్న నమ్మలేదు, మన నగలే 22 కదా అన్నారు. హెల్మెట్ల రంగులో కూడా నిజం బంగారం కలుపుతారన్నావు. ఆటలో తల గుద్దుకునే వస్తువుకి బంగారం ఏమిటో! స్టేడియంలోంచి చూస్తే లైబ్రరీ గోడ మీద 134 అడుగుల ఎత్తు బొమ్మలో క్రీస్తు, చేతులు పైకెత్తి. ఆయన పాపం ఉపదేశం చేస్తున్నాడు, జనం మాత్రం పాయింట్లొచ్చే టచ్‌డౌన్ పడినప్పుడు రిఫరీ చేతులెత్తినట్టుందని టచ్‌డౌన్ జీసస్ అంటారు. మ్యాచ్ ముందు ఆటగాళ్లంతా సూట్లు వేసుకుని పూజకి వెళ్లి, జనం మధ్యలోంచి నడిచి వస్తారు. దాన్నంతా కెమెరాలు తీస్తుంటాయి. 1991 నుంచీ ఇంటి మ్యాచ్‌లన్నీ ఎన్‌బీసీ టీవీ వాళ్లే చూపిస్తున్నారంటే, ఆ పూజకి వెళ్లే దారి కూడా ఎంతమంది చూస్తారో ఆలోచించు.

ఇదంతా నాటకమని నేను అనడం లేదు. ఆటగాళ్లకి వేరే హాస్టల్ లేకుండా మామూలు పిల్లలతోనే ఉంచడం నాకు నచ్చింది. హాస్టల్ హాస్టల్‌కీ ఒక చాపెల్, లోపలే ఉండే ఫాదర్లు, రాత్రి ఇంత టైము దాటితే అబ్బాయిలు అమ్మాయిల హాస్టల్లో ఉండకూడదనే రూలు, ఇవన్నీ కెమెరా లేనప్పుడూ ఉండేవే. (ఆ రూలు నువ్వుండే అపార్ట్‌మెంట్‌కి లేకపోవడం మాత్రం నాకు నచ్చలేదు. తలుపు గొళ్లెం పెట్టుకో.) వందేళ్ల క్రితం ఇండియానాలో క్యాథలిక్కులంటే పడేది కాదట. 1924లో జాతి, మత ద్వేషం నూరిపోసే కూ క్లక్స్ క్లాన్ వాళ్లు మీ ఊరు సౌత్ బెండ్‌కి వస్తే మీ కాలేజీ విద్యార్థులు వీధుల్లో ఎదురు తిరిగారు. ఆ సీజన్‌లోనే జట్టు ఒక్క మ్యాచ్ ఓడలేదు, రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో స్టాన్‌ఫర్డ్‌ని కొట్టింది. కాలేజీ గడప తొక్కని ఐరిష్, ఇటాలియన్, పోలిష్ కూలీలు అది తమ కాలేజీ అనుకున్నారు. అలాంటి చోట భక్తీ, ఆటా విడదీయడం కష్టమే. అది నాకు అర్థమవుతుంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఆ శనివారం నువ్వు మమ్మల్ని గుహ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి, జట్టులో చేరమని మీరు పిలిచిన కుర్రాళ్ల కుటుంబాలని తిప్పడానికి వెళ్లావు కదా. నాన్న చెవులకి మఫ్లర్ చుట్టుకుని కునుకు తీస్తున్నారు. ఒకావిడ వచ్చి నా పక్కన కూర్చుంది. మెడలో మీ వాళ్లిచ్చిన పాస్ వేలాడుతోంది. జార్జియా నుంచి వచ్చారట. వాళ్లబ్బాయికి పదిహేడేళ్లు, గుమ్మానికి అడ్డం నిలబడితే వెలుతురు రాదు, అలా ఉన్నాడు. మీ అబ్బాయి ఏ పొజిషన్ అని నన్నడిగింది. నాకు అమ్మాయండీ, ఇక్కడే పని చేస్తుంది అన్నాను. నా ఇంగ్లీషుకి ఆవిడ నవ్వలేదు, ఆవిడ యాసకి నేనూ నవ్వలేదు. ఫోన్లో కొడుకు ఫొటో చూపించింది. బంగారు హెల్మెట్, నీలం జెర్సీ, వెనకాల పొగ, లైట్లు. సినిమా హీరోలా ఉన్నాడన్నాను. ప్రతి కాలేజీ వాళ్లూ వాళ్ల బట్టలేసి ఇలాంటి ఫొటో తీసి ఇస్తారు, మావాడు అన్నిట్లోనూ హీరోలాగే ఉన్నాడు, అదే నా టెన్షన్ అంది. వెళ్లిన ప్రతి చోటా మేమంతా ఒక కుటుంబం అన్నారట. ఇక్కడ మాత్రమే కుటుంబంతో పాటు ఒక తల్లిని కూడా చూపించారని గుహ వైపు చూసింది. వాళ్లు బాప్టిస్టులు, వాళ్ల చర్చిలో విగ్రహాలు, కొవ్వొత్తులు ఉండవట. మాది అసలు వేరే మతమే, అయినా ఒకటి వెలిగిస్తాను అన్నాను. నా హ్యాండ్ బ్యాగు, నాన్న మాత్రల డబ్బా ఆవిడే పట్టుకుంది. పేరు కూడా అడగలేదు చూడు.

నేను తిరిగి వచ్చేసరికి నువ్వు ఆవిడ ముందు నిలబడి ఉన్నావు. ఆవిడ నిన్ను అడిగింది: "మావాడి మోకాలు విరిగితే రాత్రిపూట వాడి గదికి ఎవరొస్తారు?" నువ్వు నవ్వి, ఇది 4 ఏళ్ల నిర్ణయం కాదు, 40 ఏళ్ల నిర్ణయం అన్నావు. "అది గోడ మీద చదివానమ్మా" అంది ఆవిడ. నువ్వు మళ్లీ అదే మాట, ఇంకొంచెం మెల్లగా చెప్పావు. కోచ్ వెళ్లిపోతే ఏం చేయాలని అడిగింది. 2021లో మీ పాత కోచ్ బ్రయన్ కెల్లీ, దేశం టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్ ఆశ ఇంకా ఉండగానే, ఎల్‌ఎస్‌యూ అనే ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోయాడు కదా, ఆవిడకి అది గుర్తుంది. నువ్వు మళ్లీ కుటుంబం అన్నావు. చిన్నీ, హాస్టల్లో ఉండే ఫాదర్ ఒక కుర్రాడిని అర్ధరాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లాడని అంతకు ముందు రాత్రే నువ్వు నాకు చెప్పావు. ఆవిడకి కావలసింది ఆ ఒక్క ముక్కే. అది నీ నోట్లో ఉండి కూడా బయటికి రాలేదు. ఆవిడ కొడుకు చివరికి వేరే కాలేజీలో సంతకం పెట్టాడని నువ్వే అన్నావు. ఒక్క నీ మాటకే కాదులే, 2025 నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచవచ్చట, మొదటి ఏడాదికి 20.5 మిలియన్ డాలర్ల దాకానట, ఎవరు ఎక్కువిచ్చారో ఎవరికి తెలుసు.

నాకు ఆ కొవ్వొత్తి కన్నా ఆ రోజు నీ నవ్వు ఎక్కువ దిగులుగా ఉంది. శేషు బాబాయి సబ్బుల చైన్ బిజినెస్‌లో చేరినప్పుడు ఎవరికి అమ్మాడు? అందరికీ చెప్పీ చెప్పీ చివరికి తనే కొని ఇల్లంతా నింపుకున్నాడు, పిన్ని గాజులు పోయాయి. రోజుకి పదిమందికి విశ్వాసం, కుటుంబం, ఇల్లు అని చెప్తుంటే చెప్పేవాళ్లకే అవి ముందు అంటుకుంటాయి. ఇంటికి దూరంగా, చలికాలం చీకటి ఐదున్నరకే పడే ఊళ్లో ఒంటరిగా ఉన్నావు. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వెళ్లాలనిపిస్తుంది. నేను నీకు నీతులు చెప్పకూడదనే కూర్చున్నాను, కానీ చెప్తున్నాను: పుచ్చుకునేదేదైనా ఆఫీసు బయట, ఆ బ్యాడ్జీ తీసేసి, మ్యాచ్ లేని వారం ఆలోచించు. పుస్తకం చదువు, ఆ ఫాదర్లనే ఎదురు ప్రశ్నలు వెయ్యి. సిస్టర్ల కాలేజీలో మేం ఎన్ని అడిగేవాళ్లమో, వాళ్లు కోప్పడేవాళ్లు కాదు.

సరే, తిన్నగానే అడుగుతాను. పుచ్చుకుంటున్నావా? అవునంటే నాకు చెప్పు, సరళత్త నోటి నుంచి విననివ్వకు. నేను ఏడుస్తాను, అది నా పని. నాన్న రెండు రోజులు మాట్లాడరు, మూడో రోజు తిన్నావా అని అడుగుతారు. కాదంటే ఆవిడకి నేను చెప్పే సమాధానం తయారుగా ఉంది.

తలకి నూనె రాస్తున్నావా? హీటర్‌కి జుట్టు ఊడిపోతుంది. డి విటమిన్ వేసుకో. ఆదివారం నీకు పొద్దున తొమ్మిదికి, పూజ ఉంటే అది అయ్యాక, ఫోన్ చెయ్యి. శ్రీను స్నేహితుడు వచ్చే నెల షికాగో వస్తున్నాడు. కందిపొడి, గోంగూర కట్టాను. నిమ్మకాయ కావాలో మాగాయ కావాలో రేపటిలోగా చెప్పు, సామాను బరువు వాడు ముందే తూచుకోవాలట.

మీ అమ్మ